ఇంటర్వెల్ గంటకు ఉడికే పప్పు

నాకు ముక్కుమీద కోపం. ఇది గొప్పకు చెబుతున్నది కాదు. మా ఆవిడ కరీమున్నీసా పెళ్లయిన నెల్లోపే కనిపెట్టి, ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పే సంగతి. ముప్ఫై రెండేళ్ల పంతులు ఉద్యోగంలో ఆ కోపంతో నేను రాసిన మెమోలు నాలుగు. మూడు ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు. నాలుగోది దానమ్మకిచ్చాను. దానమ్మ గురించి రాయాలంటే ముందు ఆ మెమో గురించే రాయాలి, లేకపోతే ఈ ఖాలిక్ మాస్టారు ఆవిడను మొదటినుంచీ నెత్తిన పెట్టుకున్నాడని అనుకుంటారు.

బందరు దాటి సముద్రం వైపు పోతే గోగులపాలెం వస్తుంది, కాలవకు చివరి ఊరు. అలాంటి ఊళ్లను శివారు అంటారు. విజయవాడ బ్యారేజీ దగ్గర బయలుదేరిన కృష్ణ నీళ్లు దారిలో అందరి పొలాలూ తడిపి, మిగిలితే అక్కడికి వస్తాయి. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందు, ఏప్రిల్లో, తాగడానికని ఒక విడత నీళ్లు వదులుతారు. వాటితో మంచినీళ్ల చెరువు నింపుకుంటే జులైలో మళ్లీ కాలవ పారేదాకా ఊరికి అవే దిక్కు. బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. అందుకే ఆ ఊరివాళ్లకు చెరువంటే ప్రాణం. కొత్తగా ఎవరొచ్చినా చెంబుతో నీళ్లిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడి, "కొబ్బరినీళ్లలా లేవూ?" అని అడిగేవాళ్లు. 2002 ఆగస్టులో నేను హెడ్మాస్టరుగా చేరిన రోజు నాకూ ఇచ్చారు. నిజంగానే బాగున్నాయి. కాలవ వచ్చి నెలయినా కాలేదు మరి, బాగుండక ఏం చేస్తాయి? ఆ ముక్క అప్పుడు నాకు తట్టలేదు.

మరుసటి జనవరిలో బళ్లలో మధ్యాహ్న భోజనం మొదలైంది. వంటకు మహిళా సంఘం నుంచి ఒక మనిషిని పంపమంటే దానమ్మ వచ్చింది. చర్చి వెనక పేటలో ఇల్లు. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, గొంతు మాత్రం రెండు వీధులు దాటి వినిపిస్తుంది. అంతకుముందు నాట్లకూ కోతలకూ వెళ్లేది. క్రిస్మస్‌కైనా పెళ్లికైనా పేటలో మూడొందల మందికి వండి వడ్డించేది ఆవిడే. పేట మనిషి వండితే తినరంటూ మొదటివారం కొందరు తమ పిల్లల్ని అన్నం వేళకు ఇంటికి తీసుకుపోయారు. నేను ఒంటికాలి మీద లేచి, గడపగడపకూ వెళ్లి ఉపన్యాసాలిచ్చాను. దానమ్మ రెండోవారం దోసకాయ పప్పు చేసింది. మూడోవారానికి ఇంటికి పోయే పిల్లలు ఒక్కరూ లేరు. అందులో నా ఉపన్యాసాల వాటా ఎంతో నాకు తెలుసు.

మా బడిగంట వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దానమ్మకు వాచీ లేదు, ఆ పట్టా ముక్కే వాచీ. ప్రార్థన గంట వినగానే గుండిగలో మరిగే ఎసట్లో కందిపప్పు పోసేది. ఇంటర్వెల్ గంట వినగానే ఒక పలుకు తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూసేది. నలిగితే దించి గుత్తితో మెదిపి తాలింపు పెట్టేది. ఏడాదిన్నరపాటు రోజూ అంతే. నేను గంటకొట్టి వెనక్కి తిరిగితే, వంట షెడ్డులో ఆవిడ వేళ్లు నలుపుతూ కనిపించేది.

2004 జూన్‌లో బడి తెరిచిన మూడోరోజు విద్యాకమిటీ ఛైర్మన్ వెంకటసుబ్బారావుగారు భోజనం ఎలా ఉందో చూడ్డానికి వచ్చారు. ఆయన గురించి కొంచెం చెప్పాలి. తొంభైల మొదట్లో వరి తీసేసి రొయ్యల చెరువులు తవ్వించిన మొదటి రైతు ఆయనే. రొయ్య ఆ ఊరికి డాబాలు తెచ్చింది, తెగుళ్లొచ్చి కొన్ని డాబాల్ని అమ్మించింది కూడా. ఆయన తట్టుకుని నిలబడ్డారు. 2001లో మంచినీళ్ల చెరువు పక్కనున్న రెండెకరాల చెక్క కొని అందులోనూ రొయ్య వేశారు. ఉప్పుటేటి నుంచి ఇంజన్లతో నీళ్లు తోడి నింపేవారు. ఆ చెరువుకు కాపలా మరియదాసు, దానమ్మ భర్త. మంచినీళ్లకూ ఉప్పునీళ్లకూ మధ్య ఉన్నది ఒక్క మట్టిగట్టు. ఛైర్మన్‌గారు మనిషి చెడ్డవారు కాదు. పిల్లల కంచాలన్నీ ఆయన కొనిచ్చినవే.

ఆయన పిల్లల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నములుతూ ఆగిపోయారు. పప్పు పలుకులు పంటికింద రాళ్లలా ఉన్నాయి. నేనూ నోట్లో వేసుకుని చూశాను, దాచడానికి లేదు. పిల్లలు పప్పంతా కంచం అంచుకు నెట్టి ఉత్త అన్నం తింటున్నారు. వెంకటసుబ్బారావుగారు లేచి చేయి కడుక్కుని, వచ్చే వారం శనివారం కమిటీ మీటింగులో వంటమనిషిని మార్చేద్దామని అందరి ఎదుటా చెప్పి వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వేడిలోనే రూళ్ల కాగితం తీసి, విధి నిర్వహణలో అలసత్వం వహించినందుకు మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెనని దానమ్మకు మెమో రాసిచ్చాను. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి చెంగున కట్టుకుంది.

నేను వారమంతా ఊళ్లో అద్దె గదిలో ఉండి శనివారం మధ్యాహ్నం విజయవాడ పోయేవాణ్ణి. ఆ శనివారం బస్సు కోసం నిలబడి ఉంటే దానమ్మ వచ్చింది. ఒక చేతిలో అయిదు లీటర్ల నూనె డబ్బా నిండా చెరువు నీళ్లు, ఇంకో చేతిలో కందిపప్పు పొట్లం.

"సారూ, సంతకం తప్ప నాకు రాయడం రాదు. మీ కాగితానికి నా జవాబిదేనండి," అంది. "అమ్మగారికిచ్చి, ఈ పప్పునే మీ కుళాయి నీళ్లతో ఓ గిన్నె, ఈ నీళ్లతో ఓ గిన్నె పెట్టమనండి. నన్నడగమాకండి, పప్పునడగండి."

మూడు గంటల ప్రయాణం ఆ డబ్బాను కాళ్లమధ్య పెట్టుకుని చేశాను. కండక్టరు మూత తీయించి వాసన చూశాడు. గడ్డం నెరిసిన హెడ్మాస్టరును పట్టుకుని కల్లు అనుకున్నాడు! గవర్నర్‌పేటలో మా ఇంటికి చేరేసరికి నా కోపం రెండింతలైంది.

కరీమున్నీసాకు ఇలాంటి పనులంటే మహా సరదా. ఒకే గ్లాసుతో కొలిచింది, రెండు ఒకేలాంటి గిన్నెలు తీసింది, స్టవ్వు మీద పక్కపక్కన పెట్టింది, కుక్కరు ముట్టుకోలేదు. కుళాయి నీళ్లలో పప్పు ముప్పావుగంటకు మెత్తబడింది. రెండో గిన్నెలో గంటన్నర దాటినా పలుకు పలుకుగానే ఉంది. ఆవిడ డబ్బాలో మిగిలిన నీళ్లు అరచేతిలో పోసుకుని చప్పరించి, ఇందులో ఉప్పుంది కదండీ, మీరు రోజూ ఇవే తాగుతూ తెలుసుకోలేదా అంది. తెలుసుకోలేదు. ఒక్కసారిగా చెడితే తెలిసేది. ఎండాకాలం పొడుగునా రోజుకు రవ్వంత చెడితే నాలుక సర్దుకుపోతుంది. ఊరందరి నాలుకా అలాగే సర్దుకుపోయింది.

అక్కడితో ఊరుకోదుగా మా ఆవిడ. "పోయినేడాది జూన్‌లోనూ పప్పు మెత్తగా ఉందని మెచ్చుకున్నారుగా. ఈ నీళ్లతో అది అయ్యే పని కాదండీ. ఆవిడ వంటసోడా వేస్తోంది," అంది.

సోమవారం వెళ్తూనే వంట షెడ్డు ముందు నిలబడి అరిచాను. పిల్లల తిండిలో సోడా వేస్తావా, నాకు ఒక్కమాట చెప్పవా అన్నాను. దానమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, లేచి నిలబడింది. గొంతు ఎంత తగ్గించిందంటే నేనే దగ్గరికి వెళ్లాల్సొచ్చింది.

"ఏస్తన్నానండి. పోయినేడాది బడి తెరిచినకాణ్ణించీ. మొదట్లో చిటికెడు. తర్వాత చెంచాడు. కాలవొచ్చాక మానేశా, ఎండలు ముదిరాక మళ్లీ ఏశా. మొన్న కొట్లో సోడా అయిపోయింది, అందుకే దొరికిపోయా. చెరువు చెడిపోతందని ఈ ఊళ్లో ముందు తెలిసింది నాకేనండి. నా పప్పుకి పేరు పోద్దని దాచా. ఆ నీళ్లే పిల్లలు తాగుతున్నారని నాకు తట్టలా."

అరుద్దామని తెరిచిన నోరు మూసుకున్నాను. ఎందుకంటే నాకూ ఒక సంగతి గుర్తొచ్చింది. అంతకుముందు ఆగస్టులో ఎవరో అధికారులొచ్చి చెరువు నీళ్లు సీసాలో పట్టుకుపోయారు. తాగుటకు యోగ్యము అని కాగితం వచ్చింది, పంచాయతీ గోడకు అంటించారు. సీసా నింపినప్పుడు సాక్షి సంతకం నాదే. కాలవ కొత్తనీళ్లు కళకళలాడుతున్న నెలలో పట్టిన సీసా అది. ఆవిడ సోడా వేసింది, నేను సంతకం పెట్టాను. మా ఇద్దరిలో చదువుకున్నవాణ్ణి నేను.

మీటింగులో రెండు గిన్నెల సంగతి నేను చెబుతాను, సోడా మాట మాత్రం ఎత్తొద్దు, ఎత్తితే ఆ క్షణమే పని పోతుందని దానమ్మకు నచ్చజెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. సోడా సంగతి చెప్పకపోతే పోయినేడు పప్పు ఎలా ఉడికిందని అడుగుతారు, నీళ్లు బాగానే ఉన్నాయి, ఇప్పుడు దొంగెత్తు వేస్తోందంటారు అంది. అదీ నిజమే. మర్నాడు మరియదాసు నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తన కాపలా ఉద్యోగం, ఆవిడ వంటపని ఒకే రోజు పోయేటట్టున్నాయని, ఆవిడకు మీరైనా చెప్పండని బతిమాలాడు. గట్టుకు మంచినీళ్ల వైపున ఒకచోట ఎప్పుడూ చెమ్మగా ఉంటుందనీ, ఎండితే తెల్లగా ఉప్పు పూస్తుందనీ కూడా అతనే చెప్పాడు. రెండేళ్లుగా చూస్తున్నాడట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట.

శనివారం బడి వరండాలో మీటింగు జరిగింది. భోజనం గొడవ కాబట్టి తల్లులు కూడా చాలామంది వచ్చారు. నేను రెండు గిన్నెల కథ చెప్పాను. వెంకటసుబ్బారావుగారు పంచాయతీ గోడమీది కాగితం విప్పి చదివారు. ఉడకని పప్పుకు ఊరి చెరువును తిట్టడమేమిటని ఎవరో వెనకనుంచి అన్నారు. కొబ్బరినీళ్లలాంటి చెరువాయె! అప్పుడు దానమ్మ లేచి, ఏడాదిగా తాను సోడా వేస్తున్నానని మొదటినుంచి చివరిదాకా చెప్పింది. వరండా అంతా గోలగోలైంది. మా పిల్లల కడుపులో సోడా పోశావా అని ఒకావిడ మీదికొచ్చింది. ఒప్పుకుంది కదా, ఇంక మాటలెందుకు, వేరే మనిషిని పెడదామని వెంకటసుబ్బారావుగారు కలం తీశారు.

దానమ్మ ఆయన వైపు చూడలేదు. ఆడవాళ్ల వైపు తిరిగింది.

"తీసెయ్యండి, తప్పు చేశా," అంది. "ఒక్కటి చెప్పండి. మనూళ్లో ఉన్నది ఒకటే కొట్టు. నేనొక్కదాన్నే కొంటే కొట్లో సోడా అయిపోద్దా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తలలు దించుకోవడం చూశాక అర్థమైంది. పప్పు ఉడికించడం చేతకాలేదంటే అత్తగారు ఊరుకుంటుందా, పక్కింటావిడ ఊరుకుంటుందా? ప్రతి ఇల్లాలూ తన ఇంట్లో పప్పే మంచిది కాదనుకుంది, గప్‌చుప్‌గా సోడా తెచ్చుకుంది. ఊరు ఊరంతా ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే రోగాన్ని దాచుకున్నారు.

వెనక వరసలోంచి పద్మావతమ్మగారు లేచారు. ఆవిడ వెంకటసుబ్బారావుగారి భార్య. నలుగురిలో నోరు విప్పగా నేనెప్పుడూ వినలేదు.

"మా ఇంట్లో కుక్కరు ఎనిమిది విజిల్సు వేస్తేగానీ దించట్లేదండీ," అన్నారు. "అప్పుడు కూడా సోడా వేస్తేనే. ఆయనకు చెప్పలేదు."

ఆ తర్వాత ఆపడం మావల్ల కాలేదు. అమలమ్మ అనే ముసలావిడ పప్పు బాగోలేదని మూడు ఊళ్ల కొట్లు మార్చిందట. ఇంకొకావిడ కోడలితో ఆరునెలలుగా మాట్లాడ్డం లేదట, ఇదే గొడవ. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. ఇంతలో మరియదాసు మెల్లగా లేచి, ఛైర్మన్‌గారి ముందుకొచ్చి, ఒకసారి గట్టుమీదికి వస్తారా అని అడిగాడు. అందరం వెళ్లాం. చెమ్మగా ఉన్నచోట అతను గునపంతో జానెడు లోతు తవ్వాడు, గుంటలో నీళ్లు ఊరాయి. వెంకటసుబ్బారావుగారు మునివేలు ముంచి నాలుకకు రాసుకున్నారు.

ఆయన్ని నేనేమీ అనలేదు. అదే నా జీవితంలో కోపాన్ని మింగిన గొప్ప సందర్భం. చివరికి ఆయనే, పంట సగంలో ఉంది, ఆగస్టులో రొయ్యల పట్టుబడి అయ్యాక ఈ రెండెకరాల్లో ఉప్పునీళ్లు పెట్టను, రెండేళ్లు చూద్దాం అన్నారు. రెండు ఎండాకాలాలు పోయాక కూడా పప్పు ఉడక్కపోతే తప్పు నా చెరువుది కాదని ఊరంతా ఒప్పుకోవాలి, నేను మళ్లీ రొయ్య వేసుకుంటానన్నారు. సరేనన్నాం. దానమ్మను తీసెయ్యాలన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆగస్టు అన్న పట్టుబడి సెప్టెంబరు చివరికి గానీ కాలేదు. నాలుగుసార్లు గుర్తుచేయాల్సొచ్చింది. కానీ మాట తప్పలేదు. రెండు చెరువుల మధ్య లోతుగా కందకం తవ్వించి, ఊట నీళ్లు మురుగుకాలవలోకి పోయేటట్టు చేశారు. తవ్వినవాళ్లలో మరియదాసే మొదటివాడు. 2005 ఏప్రిల్లో కాలవ విడత రాకముందే మంచినీళ్ల చెరువును పూర్తిగా తోడేసి, అడుగున తెల్లబారిన మట్టి ఎత్తిపోశారు. పదిహేను రోజులు ఇంటికొక మనిషి తట్ట పట్టాడు. నేనూ రెండు రోజులు పట్టి నడుం పట్టేసి కూర్చున్నాను. దానమ్మ అక్కడే పొయ్యి పెట్టి అందరికీ వండింది, ఎగువ ఊళ్ల నుంచి తెప్పించిన నీళ్లతో.

సోడా మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. పప్పు ముందురోజే నానబెట్టి తెచ్చేది. సోమవారం ఒక్కరోజు నానబెట్టకుండా వండి, అది ఏ గంటకు ఉడికిందో షెడ్డు గోడమీద బొగ్గుతో గీత గీసేది. 2005 జూన్‌లో బడి తెరిచేసరికి చెరువు నీళ్లు అడుగుకు చేరాయి. ఆ సోమవారం పప్పు ఇంటర్వెల్‌కు ఉడకలేదు. అన్నం గంటకు కాస్త ముందు ఉడికింది. చాలామంది నీరసపడిపోయారు. వెంకటసుబ్బారావుగారు నాతో, చూశారా మాస్టారూ అన్నారు. దానమ్మ మాత్రం పోయినేడాది అన్నం గంటకు కూడా ఉడకలేదు కదా, ఉప్పు ఎక్కడానికి ఎన్నాళ్లు పట్టిందో దిగడానికీ అన్నాళ్లు పడుతుందంది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. నవంబరుకల్లా చెరువు మూల కలువాకులు లేచాయి. ఉప్పు తగిలిన దగ్గర్నుంచీ అవి కనిపించలేదని అమలమ్మ వాటిని చూడ్డానికి రోజూ వెళ్లొచ్చేది.

2006 జూన్‌లో బడి తెరిచిన మొదటి సోమవారం. కాలవ ఇంకా రాలేదు. ఏప్రిల్లో నింపిన నీళ్లే, మోకాటిలోతు. ప్రార్థన గంట కొట్టాను, దానమ్మ పప్పు పోసింది. ఆ ఉదయం నేను పిల్లలకు ఏం చెప్పానో దేవుడికే తెలియాలి. పద్మావతమ్మగారు, ఇంకో పదిమంది ఆడవాళ్లు షెడ్డు బయట కూర్చున్నారు. వెంకటసుబ్బారావుగారు వేపచెట్టు కింద కుర్చీ వేసుకున్నారు. ఇంటర్వెల్ వేళయింది. పట్టా ముక్క దగ్గర సుత్తి పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి లేవలేదు. అయిదు నిమిషాలు ఆలస్యంగా కొడితే ఎవరికి తెలుస్తుంది? ఇంకో అయిదు నిమిషాలు మంట తగిలితే ఆ రెండెకరాలూ, ఊరి నీళ్లూ నిలబడతాయేమో అనిపించింది.

షెడ్డులోంచి దానమ్మ నన్నే చూస్తోంది.

"టైముకి కొట్టండి సారూ," అని అక్కణ్ణించే అంది. "దానికి సాయం చెయ్యమాకండి. ఓసారి చేసి చూశాగా."

కొట్టాను. దానమ్మ గరిటెతో ఒక పలుకు తీసి, ఊది, రెండు వేళ్ల మధ్య పెట్టింది. నలిపింది. చెయ్యి ముందుకు చాపింది. వేళ్లకు పసుపు ముద్ద అంటుకుని ఉంది, పలుకు లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అని చెప్పుకోను, అవి సంతోషంతో వచ్చిన నీళ్లే. వెంకటసుబ్బారావుగారు వచ్చి, తానే గుండిగలోంచి తీసి నలిపి చూసి, ఆ రెండెకరాల్లో ఈ ఏడు వరి వేస్తానని భార్యతో చెప్పారు. మాకు కాదు, ఆవిడకే చెప్పారు.

పిల్లలు తిని వెళ్లాక దానమ్మ చెయ్యి తుడుచుకుని, కొంగుముడి విప్పి ఒక కాగితం నా బల్లమీద పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోయింది. నా అక్షరాలే. మూడు రోజుల్లోగా సంజాయిషీ అని ఉంది. రెండేళ్లయింది, జవాబివ్వలేదు, ఇప్పుడు మీరే రాయండి, నేను సంతకం పెడతానంది. ఏం రాయమంటావన్నాను.

"పప్పుడికిందని రాయండి సారూ."

రాశాను. ఆవిడ పెన్ను పట్టుకుని, నాలుక కొద్దిగా బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దుతూ కింద దానమ్మ అని సంతకం పెట్టింది.